ఆకు దూసిన మల్లె

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. మా హోసూరులో చలికి అంత తొందర ఉండదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, తమిళనాడులో, కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్న ఊరు మాది. శివరాత్రి దాటిన తరువాత కూడా తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. కాని పెరట్లోని చెట్లకు మనకంటె ముందే కబురు అందుతుంది. నిన్నటిదాకా ఎండుపుల్లలా ఉన్న గులాబికొమ్మ మీద ఎర్రని చిగురు తొంగిచూస్తుంది. కానుగచెట్టు పాత ఆకు రాల్చి లేత ఆకు తొడుగుతుంది. చేమంతులు వాడి తల వాలుస్తాయి.

మా ఇంట్లో వసంతానికి ఏర్పాట్లు ఇంకా ముందే, మార్గశిరమాసంలోనే మొదలయ్యేవి. ఆ నెలలో ఒకరోజు మా అవ్వ బావి దగ్గర నిలబడి, “ఈ పొద్దు నుంచి మల్లెచెట్టుకు ఎవరూ నీళ్ళు పొయ్యొద్దండి” అని అందరికీ వినపడేటట్టు చెప్పేది.

మా పెరడు పెద్దదేమీ కాదు. ఒక మూల బావి, ఇంకో మూల బట్టలుతికే బండ, వాటి మధ్య కొద్దిపాటి నేల. అందులోనే ఒక మందారం, రెండు గులాబులు, గోడ వెంబడి కనకాంబరాలు, తులసికోట పక్కన మరువం, చేమంతులు. మధ్యలో మల్లెపొద. అవ్వ పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పుడు పుట్టింటి పెరటి నుంచి తెచ్చి నాటిన అంటు అది. “ఈ ఇంట్లో నాకంటె ఒక్క నెల చిన్నది” అనేది అవ్వ.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మందారానికి నీళ్ళు పోసి, పక్కనే ఉన్న మల్లెను చూడనట్టే దాటిపోవడం నాకు అన్యాయంగా తోచింది. పుష్యమాసం వచ్చేసరికి మల్లె పాదు బీటలు వారింది. ఆకు వాడింది. ఇంట్లో అందరికీ అన్నం పెట్టి ఒకరిని మాత్రం పస్తు ఉంచినట్టు అనిపించింది. బడి నుంచి వచ్చాక, అవ్వ గుడికి వెళ్ళే వేళ చూసి, రోజూ రెండు చెంబుల నీళ్ళు పాదులో పోసేదాన్ని. తడి కనపడకుండా పైన పొడిమన్ను చల్లేదాన్ని. అది నా తెలివి!

సంక్రాంతి వెళ్ళిన వారానికి అవ్వ కొడవలి తీసుకొని పొద ముందు కూర్చుంది. కొమ్మలన్నిటినీ మోకాలి ఎత్తుకు కోసేసింది. మిగిలిన మోళ్ళ మీది ఆకునంతా దూసింది. “ఈ ఏడు ఆకు ఇంత పచ్చగా ఉందేమి?” అని ఒకసారి తనలో తాను అనుకుంది. నేను మరువం తుంచుతూ తల ఎత్తలేదు. తరువాత పాదు తవ్వి, వేళ్ళ మొదళ్ళకు నాలుగు రోజులు ఎండ తగలనిచ్చింది. బాగా మాగిన పశువుల ఎరువు వేసి, మన్ను కప్పి, అప్పుడు పాదు నిండా నీళ్ళు పెట్టింది.

మూడు వారాలలోపే చిగురు వచ్చింది. నేను సంబరపడ్డాను. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. కొమ్మలు పొడుగ్గా సాగాయి. ఆకు దట్టంగా కమ్ముకుంది. మొగ్గ మాత్రం ఇక్కడొకటి, అక్కడొకటి. చైత్రంలో మా పిన్నికి సీమంతం. తన కూతురి పూలజడకు పెరటి మల్లెలే కోస్తానని అవ్వ ఎప్పుడో మాట ఇచ్చి ఉంది. పూలజడ కుట్టాలంటే వందల మొగ్గలు కావాలి. అవన్నీ ఒకే అదనులో ఉండాలి. సీమంతం నాటి ఉదయం పొదంతా వెతికినా నాకు దోసెడు దొరకలేదు. ఏడాదిలో మొదట వచ్చే మల్లెలు అంగడిలో ఎప్పుడూ ప్రియమే. అవ్వ కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, మామ చేతికిచ్చి అంగడికి పంపింది. పూలజడ బాగానే కుదిరింది. పిన్ని మురిసిపోయింది. ఆ జడకేసి చూడడానికి నాకే మొహం చెల్లలేదు.

ఆ రాత్రి అవ్వ పక్కన పడుకొని జరిగిందంతా చెప్పేశాను. అవ్వ చాలాసేపు పలకలేదు.

“దానికి దప్పికైందని నీకెట్ల తెలిసె? అది అడిగిందా?” అంది చివరికి.

“ఆకు వాడిపోయింది కదవ్వా.”

“వాడాలనే కదమ్మీ, నీళ్ళు మాన్పించింది!” అని, కొంచెం ఆగి, “పోనీలే. నువ్వు పోసిన నీళ్ళు యాడికీ పోలేదు. పువ్వు కావలసినవి ఆకయినాయి, అంతే” అంది.

ఆ మాటలోని సంగతి నాకు పెద్ద తరగతుల్లో వృక్షశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. మల్లె ముదురు కొమ్మల మీద పూయదు. కొత్తగా పుట్టిన కొమ్మల కొసల్లోనే మొగ్గ కడుతుంది. చలికాలంలో నీళ్ళు మాన్పితే మొక్క ఎదుగుదల నిలిచిపోతుంది. అంతవరకు ఆకులు తయారుచేసిన ఆహారం కొమ్మల్లోనూ వేళ్ళలోనూ నిలవ ఉంటుంది. అప్పుడు కొమ్మలు కోసి, ఆకు దూసి, ఎరువు వేసి నీళ్ళు పెడితే కణుపుల్లో అణగి ఉన్న చిగుళ్ళు ఒక్కసారిగా లేస్తాయి. కొత్త కొమ్మలు ఎన్ని ఎక్కువ వస్తే పూలు అంత ఎక్కువ. విశ్రాంతి లేకుండా చలికాలమంతా నీళ్ళు తాగిన మొక్క ఆకు పెంచుకుంటూ పోతుందే గాని పూతకు రాదు.

ఎకరాల కొద్దీ మల్లె వేసిన రైతులు ఆకు దూస్తూ కూర్చోలేరు గదా! కొన్నిచోట్ల వాళ్ళు నీళ్ళు మాన్పించిన తోటలోకి గొర్రెలమందను తోలుతారు. గొర్రెలు ఆకు మేసిపోతాయి. తోటకు ఎరువు కూడా దక్కుతుంది. మొదటిసారి చూసినవారికి తోట పాడైపోతున్నట్టే ఉంటుంది.

అయితే తొట్టిలో పెంచే మల్లె విషయంలో జాగ్రత్త వహించాలి. నేలలో ఉన్న పొద వేళ్ళు లోతుకు వెళ్ళి ఎంతోకొంత తేమను వెతుక్కుంటాయి. తొట్టిలో ఉన్నది గుప్పెడు మన్ను. నీళ్ళు పూర్తిగా మానేస్తే మొక్క చచ్చిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు కొంచెం కొంచెం పోస్తూ, మన్ను పొడిబారుతూ ఉండేటట్టు చూస్తే చాలు.

మల్లెమొగ్గలను తెల్లవారుజామునే కోయాలి. బలిసి తెల్లబడిన మొగ్గ ఆ సాయంత్రానికి విచ్చుకుంటుంది. పొద్దున కోసేటప్పుడు పెద్దగా వాసన ఉండదు. దీపాలు పెట్టే వేళకు ఇల్లంతా గుబాళిస్తుంది. మల్లె పూసేది రాత్రిపూట తిరిగే పురుగుల కోసం. మనం మధ్యలో వచ్చినవాళ్ళం.

మల్లెకు చేసినట్టే అన్నిటికీ చేస్తానంటే కుదరదు. చలి తగ్గే వేళకు చేమంతి పని అయిపోతుంది. రాత్రులు పొడుగ్గా ఉంటేనే అది పూస్తుంది. చిక్కబళ్ళాపురం వైపు రాత్రి బస్సులో వెళ్ళేటప్పుడు కొన్ని చేమంతి తోటల్లో వరుసగా విద్యుద్దీపాలు వెలుగుతూ కనిపిస్తాయి. అవి దొంగల కోసం పెట్టినవి కావు. దీపాలు పెట్టి రాత్రిని కురచ చేస్తే పూత ఆలస్యమవుతుంది. రైతు తనకు కావలసిన వేళకు పూయించుకుంటాడు. ఇంట్లో మనకు అంత అవసరం లేదు. పూలు వాడిన కాడలను మొదటికంటా కోసేస్తే చుట్టూ పిలకలు వస్తాయి. వాటిని ఎండాకాలమంతా చెట్టునీడన బతికించుకుంటే వానలు పడగానే విడదీసి నాటుకోవచ్చు. ఏప్రిల్ ఎండలో వాటిని మరిచిపోయేవారే ఎక్కువ. నేనూ ఎన్నో పిలకలను అలా పోగొట్టుకున్నాను.

కనకాంబరం ఇంత నాజూకు కాదు. దాని ఎండిన కాయలను కోసి నీళ్ళలో వేస్తే టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి. మా చిన్నప్పుడు అది మంచి ఆట. ఆడిన చోటల్లా తరువాత మొలకలు కనిపించేవి. గులాబికి అంటుకట్టిన చోటుకు కింద నుంచి వచ్చే కొమ్మను ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. అది అడవి గులాబిది. ఏపుగా పెరిగి అసలు గులాబిని మింగేస్తుంది. ఎండలు ముదిరితే మందారానికి పిండినల్లి పడుతుంది. లేతకొమ్మ మీద తెల్లని పిండి అంటినట్టు ఉండి, దాని వెంట చీమలు బారులు తీరి ఉంటే అదే అని తెలుసుకోవాలి. ఆ పురుగులు విసర్జించే తియ్యని ద్రవం కోసం చీమలు వాటిని కాపాడుతుంటాయి. పిండి పట్టిన కొసలను తుంచి దూరంగా పారేసి, మిగిలిన కొమ్మలను సబ్బునీళ్ళతో కడగాలి. అవ్వ ఇంకేమీ వాడేది కాదు.

మా వీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి. పువ్వుల అంగడిలో నిలబడితే మరీ ఎక్కువ. మనం ‘మల్లె’ అంటే పక్కావిడ ‘మల్లి’ అంటుంది, ఆ పక్కావిడ ‘మల్లిగె’ అంటుంది. అమ్మేవాడు ముగ్గురికీ ఒకే బుట్టలో చెయ్యి పెడతాడు. కనకాంబరం పేరు మూడు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే. బరంపురంలోని మనవాళ్ళు ఒడియా ఇరుగుపొరుగుల నోట కూడా ‘మల్లి’ అనే వింటారు. షోలాపూరులోని మనవాళ్ళకు మాత్రం అంగట్లో మల్లె ‘మోగరా’, కనకాంబరం ‘అబోలి’. అన్నిటికంటె తమాషా బంతిపువ్వుది. బంతి అంటే మనం ఆడుకునే బంతే. కన్నడంలో అది ‘చెండు’ పువ్వు, మరాఠీలో ‘ఝెండూ’, ఒడియాలో ‘గెండు’. ‘చెండు’ అంటే తెలుగులో కూడా బంతే కదా, పూలచెండు అంటాం! ఇంతమంది ఒకే రూపాన్ని చూసి పేరు పెట్టిన ఈ పువ్వు మెక్సికో దేశానికి చెందినది. గుడి తోరణాల్లో చూసిచూసి అది మన ఊళ్ళోనే పుట్టిందనుకుంటాం.

మల్లెలోనూ ఊరికొక పేరుంది. మైసూరు మల్లె, ఉడిపి మల్లె, హడగలి మల్లె భౌగోళిక గుర్తింపు పొందినవి. మదురై మల్లెకు ఆ గుర్తింపు 2013లో వచ్చింది. ఫిలిప్పీన్స్ దేశం 1934లో మల్లెను తన జాతీయపుష్పంగా ప్రకటించింది. అవ్వకు ఈ సంగతులేవీ తెలియవు. ఆమె లెక్కలో ఉన్నది రెండే రకాలు: పుట్టింటి మల్లె, అంగడి మల్లె.

నేను పదో తరగతిలో ఉండగా ఇల్లు విప్పి కొత్తగా కట్టాలని అనుకున్నారు. గీసిన పటంలో పెరటికి చోటు లేదు. అవ్వ వాదించలేదు. ఆ ఏడు వానలు పడగానే మల్లెపొద దగ్గర నన్ను కూర్చోబెట్టుకుంది. నేలకు దగ్గరగా ఉన్న ఒక కొమ్మను వంచి, కణుపు కింద బెరడును గోటితో కొంచెం గీరి, ఆ భాగాన్ని మన్నులో పూడ్చి, పైన రాయి పెట్టింది. కొమ్మ కొస మాత్రం పైకి ఉంచింది. రెండో కొమ్మ నాతో చేయించింది. అలా ఆరు నేల అంట్లు వేశాం. మల్లెకు మన తోటల్లో సాధారణంగా గింజ కట్టదు. అందుకని ఏ మల్లెపొద అయినా మరొక పొద నుంచి తెచ్చిన ముక్కే. నాలుగు నెలలకు వేళ్ళు పడ్డాయి. తల్లి నుంచి కోసి వేరుచేస్తే ఆరింట్లో అయిదు బతికాయి. ఒకటి బెంగుళూరులోని పిన్నికి పోయింది. ఒకటి మామ తీసుకున్నాడు. రెండు ఇరుగుపొరుగులు అడిగి పట్టుకెళ్ళారు. ఒకటి నాకు మిగిలింది. పాత పొదను పెకలించిన రోజున అవ్వ ఊళ్ళో లేదు. కావాలనే పిన్ని ఇంటికి వెళ్ళింది.

ఇప్పుడది మా మేడ మీద సిమెంటు తొట్టిలో ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, ఎండుటాకులు, ఏడాదికోసారి కొత్త ఎరువు, అంతే దాని పోషణ. ఈ ఏడు సంక్రాంతి దాటాక కత్తెర పట్టుకొని తొట్టి ముందు కూర్చున్నాను. కొమ్మలు తెగి పడుతుంటే మా అమ్మాయి చెంబు పట్టుకొని వచ్చి నిలబడింది.

“దానికి నొప్పి పుట్టదా అమ్మా? కొంచెం నీళ్ళన్నా పొయ్యనీ.”

“ఈ పొద్దు వద్దమ్మీ. రేపు ఎరువు వేసినాక నువ్వే పోద్దువులే” అన్నాను.

అది మల్లెతొట్టికేసి ఒకసారి చూసి, చెంబులో నీళ్ళు తీసుకెళ్ళి మందారానికి పోసింది. పొద్దు గుంకాక మేడ మీదికి వెళ్ళి మల్లెతొట్టిలో వేలు పెట్టి చూశాను. మన్ను పొడిగానే ఉంది.