డాబా దిగి చూడు

చిరంజీవి శ్రీకర్‌కి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటో అందాయి. గురుడు గారెలా మధ్యలో చిల్లుతో కనిపిస్తున్నాడనీ, అద్దమే మంచిది కాదేమో, టెలిస్కోపు అమ్మేస్తాననీ రాశావు. తొందరపడకు నాన్నా. ఆ చిల్లు గురుడిలో లేదు, అద్దంలోనూ లేదు. గొట్టం మూతి దగ్గర ఏటవాలుగా ఉండే చిన్న అద్దం నీడ అది. ఫోకస్ కుదరనప్పుడే కనబడుతుంది. నాబ్ తిప్పుతుంటే వలయం చిన్నదవుతోందా, సరైన దారిలో ఉన్నట్టు. పెద్దదవుతోందా, వెనక్కి తిప్పు.

నా బెంగ వేరే. టెలిస్కోపుని డాబా మీద పెట్టావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విజయవాడలో, డాబా మీద! పగలంతా కాగిన సిమెంటు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుందిరా. ఆ సెగలోంచి చూస్తే ఏ చుక్కా కుదురుగా నిలవదు. గదిలోంచి తెచ్చిన అద్దం కూడా వెచ్చగానే ఉంటుంది, దాని మీద వేడిగాలి పొర కదులుతుంటుంది. నాబ్ అటూ ఇటూ తిప్పి నీ చెయ్యి నొప్పెట్టడం తప్ప ఫలితం ఉండదు. మట్టి నేల మీద పెట్టు. చూడబోయే ముందు గంటసేపు బయట వదిలెయ్. అపార్ట్‌మెంట్ వెనక వేపచెట్టు పక్కన ఖాళీ జాగా ఉంది కదా, వాచ్‌మన్ని అడుగు. కాదంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

ఉస్మానియాలో చదివే రోజుల్లో మమ్మల్ని రంగాపూర్ వేధశాలకి తీసుకెళ్ళారు. 48 అంగుళాల అద్దం. సాయంత్రం ఇంకా వెలుగుండగానే గుమ్మటం తలుపు తెరిచేశారు. ఇప్పుడే ఎందుకండీ అని అడిగితే, లోపలి వేడి పోవాలి బాబూ అన్నాడు అక్కడి పెద్దాయన. మాకందరికీ టీ కూడా ఆయనే ఇప్పించాడు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చింది ఆ రంగాపూర్‌కే. సరే, ఆ కథ మరోసారి.

నీ 6 అంగుళాల అద్దానికి ఫోకస్ దూరం 750 మిల్లీమీటర్లు. అందులో అచ్చమైన ఫోకస్‌కి ఉన్న జాగా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. అందుకని వేళ్ళ కొసలతో తిప్పు. ముందు 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టు, తర్వాతే 10. గురుడి బిళ్ళని చూస్తూ ఫోకస్ చెయ్యకు, పక్కనున్న ఉపగ్రహాలని చూడు. అవి సూదిమొన అంత అయ్యాయంటే గురుడి మీది చారలు వాటంతటవే తేలతాయి. ఐపీస్‌ని బాగా బయటికి లాగి, అక్కణ్ణించి మెల్లగా లోపలికి తిప్పుతూ రా. మొదట స్పష్టమైన చోటే ఆగు. దాన్ని దాటి లోపలికి పోతే నీ పడుచు కన్ను తనే సర్దుకుంటుంది. బాగానే కనబడుతుంది గానీ కాసేపటికి తలనొప్పి వస్తుంది. అసలే పరీక్షలకి చదివి అలిసిన కళ్ళు నీవి. బంగారు తండ్రీ, పదకొండుకల్లా పడుకో.

ఫోన్‌తో ఫోటో తియ్యాలంటే బాహ్తినోవ్ మాస్క్ మంచిది. 2005లో పావెల్ బాహ్తినోవ్ అనే రష్యన్ కనిపెట్టాడు. కొనక్కర్లేదు, దళసరి అట్ట మీద గీసి బ్లేడుతో చీలికలు కొయ్యి. దాన్ని గొట్టం మూతికి పెడితే ప్రకాశమైన చుక్కకి మూడు గీతలు కనబడతాయి, నడిమిది మిగతా రెంటికీ సరిగ్గా మధ్యకొస్తే ఫోకస్ కుదిరినట్టు.

అద్దం మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఓ చుక్కని ఫోకస్‌కి కాస్త ఇటూ, కాస్త అటూ పెట్టి చూడు. వలయాలు రెండు వైపులా ఒకేలా ఉంటే అద్దానికి వంక పెట్టలేం. 1990లో పైకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దానికి అంచు దగ్గర 2.2 మైక్రాన్ల తేడా వచ్చింది, ఎలా తిప్పినా ఫోకస్ కుదర్లేదు. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్ళి సరిచేశారు. నీ అద్దానికి అంత గతి పట్టలేదులే. ఈ పరీక్ష కూడా డాబా మీద చెయ్యకు సుమా, సెగకి వలయాలన్నీ వణికిపోతాయి. అద్దం తీసి గుడ్డతో తుడవనూ వద్దు, గీతలు పడతాయి.

సంక్రాంతికి టెలిస్కోపు తీసుకురా. మన కళ్ళం మట్టి సాయంత్రానికే చల్లబడుతుంది. బస్సు డిక్కీలో మాత్రం వెయ్యకు, రైల్లో రా. నేనే స్టేషన్‌కి వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న