వినబడు కీర్తన

పఠన భాగము: 1 కొరింథీయులకు 14:7-15



మన కృష్ణా డెల్టా గ్రామములలో తబలా, హార్మోనియముల ప్రక్కకు ఇప్పుడు గిటారు వచ్చినది. దానితో యౌవనస్థులు ప్రాసెసరు అను చిన్న పెట్టెను తెచ్చుచున్నారు. పెద్ద ఆంప్లిఫయరుల నాదమును ఇది లెక్కలచేత అనుకరించును. 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన పాడ్ అను ఎర్రని పెట్టెతో ఇట్టివి విరివిగా వాడుకలోనికి వచ్చెను.

మా సంఘములో అది మొదట మ్రోగిన ఆదివారమున ఒక వృద్ధురాలు మాతో, “అయ్యగారూ, వాయిద్యం బాగుందండి. కాని మాటలు వినపడలేదు. నేను పుస్తకం చూసి పాడలేను గదా, విని పాడాలి” అని చెప్పెను. పిల్లనగ్రోవియైనను వీణెయైనను స్వరములు వేరుపడకపోయిన యెడల ఏమి వాయించుచున్నారో ఎవరికి తెలియునని పౌలు అడిగిన ప్రశ్న మాకు జ్ఞాపకము వచ్చినది. ఆ శనివారము యౌవనస్థులతో కూర్చుండి ఒక్కొక్క నాబును త్రిప్పి చూచితిమి.

మొదటిది గెయిను. ఇది శబ్దమును పెంచు నాబని పలువురు తలంతురు. నిజముగా ఇది నాదమును చీల్చి గరుకు చేయును. కార్డు వాయించినప్పుడు తీగలు విడివిడిగా వినబడునంత వరకే దీనిని పెంచవలెను. ఎంత బిగ్గరగా మ్రోగవలెనో వాల్యూముతో చివరను, అందరు పాడుచుండగా సరిచూడవలెను.

రెండవది బేసు, ట్రెబులు. మెల్లగా వినునప్పుడు మన చెవికి బేసు తక్కువగా తోచును. గనుక ఇంటిలో హెడ్‌ఫోనుతో పెంచినది మందిరములో గుమగుమలాడును. ఆరాధనలో వాయించునంత శబ్దముతోనే మందిరములో సరిచేయవలెను. మాటలలోని హల్లుల స్పష్టత ముఖ్యముగా 2000 నుండి 4000 హెర్ట్‌జుల మధ్య నున్నది. అక్కడ గిటారు కొంచెము తగ్గవలెను.

మూడవది క్యాబ్ అను ఏర్పాటు. గిటారు స్పీకరు సుమారు 5000 హెర్ట్‌జులకు పైనున్న నాదమును అంతగా ఇయ్యదు. మైకుసెట్టు దానిని ఇచ్చును. కాబట్టి తీగ నేరుగా మిక్సరుకు పోయినప్పుడు క్యాబ్ వేసియుంచవలెను, లేనిచో కందిరీగలవలె రొద చేయును.

నాలుగవది రివర్బు. మందిరపు గోడలే ప్రతిధ్వని ఇచ్చును గనుక ఇది కొంచెము చాలును.

వాయించువానికి తన నాదము ఎప్పుడును చాలదు. గనుక మరియొకరు వెనుక నిలిచి వినవలెను. ఆ పనికి మేము ఆ వృద్ధురాలినే పిలిచితిమి. ఆమె తలయూపు వరకు నాబులు తగ్గించితిమి. మరుసటి ఆదివారము ఆమె మొదటి చరణమునుండి పాడెను.

లేవీయులలో కెనన్యా ప్రవీణుడు గనుక పాట నేర్పించెనని 1 దినవృత్తాంతములు 15:22 తెలుపుచున్నది. ప్రావీణ్యము దేవుని వరమే. అయితే అది పొరుగువాని నోట స్తుతిని పుట్టించుటకే గాని మూయుటకు కాదు.

మననమునకు: మన శబ్దము క్రింద ఎవరి స్వరము అణగియున్నది?