సంధి కుదర్చడం, సంధిని నిలబెట్టడం: అరబ్ లీగ్ చరిత్ర నేర్పే పాఠం

పశ్చిమాసియాలో యుద్ధమన్న వార్త వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తుంది. "ఇన్ని అరబ్బు దేశాలున్నాయి, ఇంత సంపద ఉంది. అందరూ కలిసి ఒక్క మాట మీద నిలబడలేరా?" ఈ ప్రశ్నలో ఆవేదన ఉంది. అయితే ఆవేదన దగ్గరే ఆగిపోతే విషయం మనకు బోధపడదు. అరబ్బు దేశాలు కలిసి నిలబడిన సందర్భాలు ఉన్నాయి. నిలబడలేక చీలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. రెండింటికీ కారణాలున్నాయి. ఆ కారణాలేమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మన ముందున్న కొలమానం

రెండు వర్గాల విశ్వాసులు పరస్పరం పోరాటానికి దిగితే మిగిలినవారు ఏం చేయాలో దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 9వ ఆయత్ బోధిస్తుంది. ఆ బోధనలో మనకు మూడు మెట్లు కనిపిస్తాయి. మొదటిది, ఇరువురి మధ్య సయోధ్యకు ప్రయత్నించడం. రెండవది, ఒక వర్గం దౌర్జన్యానికి పాల్పడితే అది దైవాజ్ఞ వైపుకు మరలి వచ్చేవరకు ఎదుర్కోవడం. మూడవది, మరలి వచ్చిన తరువాత న్యాయబద్ధంగా సంధి చేయడం.

అంటే సుల్హ్ అన్నది "గొడవ పడకండి" అని చెప్పి ఇంటికి వెళ్లిపోవడం కాదు. దానికి ముందు ప్రయత్నం కావాలి, మధ్యలో బలం కావాలి, చివర న్యాయం కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరబ్ లీగ్ ధార్మిక సంస్థ కాదు, అది ప్రభుత్వాల రాజకీయ కూటమి. దాని సభ్య దేశాలలో అరబ్బు క్రైస్తవులు కూడా ఉన్నారు. కనుక ఈ ఆయత్‌ను చేతబట్టుకొని ఇంట్లో కూర్చుని దేశాల మీద తీర్పులివ్వడం మన ఉద్దేశం కాదు. సంధికి ఏమేమి కావాలో గుర్తుంచుకొని చరిత్రను చదవడమే మన ఉద్దేశం.

ఒడంబడికలో ఏముంది?

1944 అక్టోబరులో అలెగ్జాండ్రియాలో అరబ్బు నాయకులు సమావేశమై ఒక ఉమ్మడి సంఘం కావాలని నిర్ణయించారు. 1945 మార్చి 22న కైరోలో ఈజిప్టు, సిరియా, ఇరాక్, లెబనాన్, సౌదీ అరేబియా, నాటి ట్రాన్స్‌జోర్డాన్ ఒడంబడికపై సంతకాలు చేశాయి. మే నెలలో యెమెన్ చేరింది. ఆ ఏడు దేశాల సంఘంలో నేడు 22 సభ్య దేశాలున్నాయి.

ఈ ఒడంబడికలో రెండు అధికరణలను మనం ప్రత్యేకంగా గమనించాలి. 5వ అధికరణ సభ్య దేశాలు తమ తగాదాలను బలప్రయోగంతో తేల్చుకోరాదని నిషేధించింది. యుద్ధానికి దారితీయగల తగాదాలలో లీగ్ మండలి మధ్యవర్తిత్వం చేస్తుందని చెప్పింది. అయితే మండలి తీర్పుకు కట్టుబడి తీరాలంటే ఇరుపక్షాలూ తామే మండలిని ఆశ్రయించి ఉండాలి. పైగా ఆ తగాదా స్వాతంత్ర్యానికి, సార్వభౌమత్వానికి, భూభాగ సమగ్రతకు సంబంధించినదై ఉండకూడదు. దేశాల మధ్య పెద్ద యుద్ధాలు వచ్చేది సరిగ్గా ఈ మూడింటి గురించే కదా!

ఇక 7వ అధికరణ. 1945 నాటి పాఠం ప్రకారం ఏకగ్రీవ తీర్మానం అందరికీ వర్తిస్తుంది. మెజారిటీ తీర్మానమైతే దానిని ఒప్పుకున్న దేశాలకే వర్తిస్తుంది. అంటే మొదటి మెట్టుకు ఒడంబడికలో చోటుంది. రెండవ మెట్టు మాత్రం ప్రతి ప్రభుత్వపు ఇష్టానికి వదిలివేయబడింది. ఆ తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలావరకు సరిపోతుంది.

ఒకే దేశం, రెండు సంక్షోభాలు

1961 జూన్ 19న కువైట్ స్వతంత్ర దేశమయింది. వారం తిరగకముందే ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం అది తమ భూభాగమని ప్రకటించాడు. కువైట్ అమీర్ కోరికపై బ్రిటిష్ సైన్యం వచ్చి దిగింది. అప్పుడు అరబ్ లీగ్ మౌనంగా ఉండలేదు. జూలై 20న కువైట్‌ను సభ్యదేశంగా చేర్చుకుంది. ఇరాక్ ప్రతినిధి నిరసన తెలిపి వెళ్లిపోయినా వెనక్కు తగ్గలేదు. సౌదీ అరేబియా, జోర్డాన్, సూడాన్, ట్యునీషియా, ఐక్య అరబ్ రిపబ్లిక్ దళాలు బ్రిటిష్ సైన్యం స్థానంలో నిలిచాయి. యుద్ధం జరగలేదు. 1963లో ఇరాక్ కువైట్‌ను గుర్తించింది. ఇక్కడ మాట ఉంది, మాట వెనుక నిలబడిన మనుషులూ ఉన్నారు.

29 సంవత్సరాల తరువాత, 1990 ఆగస్టు 2న, ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆగస్టు 10న కైరోలో అత్యవసర శిఖరాగ్ర సమావేశం జరిగింది. సౌదీ అరేబియా రక్షణకు అరబ్బు దళాలను పంపే తీర్మానానికి 12 దేశాలు మాత్రమే మద్దతు పలికాయి. మిగిలినవి వ్యతిరేకించడమో, తటస్థంగా ఉండడమో, అభ్యంతరాలు చెప్పడమో చేశాయి. ఇంటి తగాదా ఇంట్లో తీరలేదు. 1991లో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు యుద్ధం చేసి కువైట్‌ను విడిపించాయి. ఆ యుద్ధపు పర్యవసానాలను ఇరాకీ ప్రజలు దశాబ్దాల పాటు అనుభవించారు.

ఈ వైఫల్యం మనకు దూరపు సంగతి కాదు. ఆ రోజుల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులు ఉన్న ఉద్యోగాలు, కూడబెట్టిన సొమ్ము వదిలి స్వదేశానికి తిరిగి రావలసివచ్చింది. జోర్డాన్‌లోని అమ్మాన్ నుండి విమానాలలో వారిని తీసుకువచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అక్కడ సంధి విఫలమైతే ఇక్కడ మన ఇళ్ల పొయ్యి ఆరిపోతుంది.

తాయిఫ్ ఒప్పందం

లెబనాన్‌లో 1975లో మొదలైన అంతర్యుద్ధాన్ని ఆపడానికి ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. 1989 మేలో కాసాబ్లాంకా శిఖరాగ్ర సమావేశం ఆ బాధ్యతను సౌదీ అరేబియా, మొరాకో, అల్జీరియా అధినేతల త్రిసభ్య సంఘానికి అప్పగించింది. సెప్టెంబరు చివరలో లెబనాన్ పార్లమెంటు సభ్యులు సౌదీలోని తాయిఫ్ నగరానికి చేరుకున్నారు. సుమారు మూడు వారాలు చర్చించి అక్టోబరు 22న ఒప్పందానికి వచ్చారు.

దాని విజయానికి కారణాలను గమనించండి. పని అందరి మీదా పడవేయకుండా ముగ్గురికి అప్పగించారు. తగాదా పడినవారినే ఎదురెదురుగా కూర్చోబెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, తగాదా మూలాన్ని ముట్టుకున్నారు. పార్లమెంటులో క్రైస్తవులకు, ముస్లింలకు 6:5 నిష్పత్తిలో ఉన్న స్థానాలను సమానం చేశారు. 1990 చివరికి యుద్ధం ఆగింది.

కాని మూడవ మెట్టు పూర్తికాలేదు. ఒప్పందం ప్రకారం సాయుధ దళాలన్నీ రద్దు కావాలి. హిజ్బుల్లా ఆయుధాలు అలాగే ఉండిపోయాయి. రెండేళ్లలో బెకా లోయకు తరలవలసిన సిరియా సైన్యం 2005 ఏప్రిల్ వరకు లెబనాన్‌ను విడిచిపోలేదు. సంధి రాసినవారు దాని అమలును చివరివరకు కనిపెట్టి ఉండకపోతే ఏమవుతుందో లెబనాన్ ప్రజలకు తెలుసు.

2002 బీరూట్ ప్రతిపాదన

ఫలస్తీనా విషయంలో అరబ్బు దేశాలన్నీ కలిసి ప్రకటించిన స్పష్టమైన ప్రతిపాదన 2002 మార్చి 28న బీరూట్‌లో వెలువడింది. దానిని ముందుకు తెచ్చినవారు నాటి సౌదీ యువరాజు అబ్దుల్లా. 1967లో ఆక్రమించిన భూముల నుండి ఇజ్రాయీల్ పూర్తిగా వైదొలగాలి. తూర్పు జెరూసలేం రాజధానిగా ఫలస్తీనా రాజ్యం ఏర్పడాలి. శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం కావాలి. అందుకు బదులుగా అరబ్బు దేశాలన్నీ ఇజ్రాయీల్‌తో సాధారణ సంబంధాలు నెలకొల్పుకుంటాయి.

అయితే కాలం కలిసిరాలేదు. ముందురోజే నెతన్యాలోని ఒక హోటల్‌పై జరిగిన ఆత్మాహుతి దాడిలో 30 మంది పౌరులు మరణించారు. మరుసటి రోజున ఇజ్రాయీల్ సైన్యం రమల్లాలోకి ప్రవేశించింది. ఇజ్రాయీల్ ప్రభుత్వం ఆ ప్రతిపాదనను అంగీకరించలేదు. 2007లో రియాద్ సమావేశం దానిని మళ్లీ ధ్రువపరచింది.

ఆ ప్రతిపాదనకున్న బలమంతా దాని వరుసక్రమంలో ఉంది. ముందు వైదొలగడం, ఆ తరువాతే సంబంధాలు. 2020లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, బహ్రెయిన్, మొరాకో ఆ క్రమాన్ని పక్కనపెట్టి సంబంధాలకు సిద్ధపడ్డాయి. ఆ సెప్టెంబరులో ఎమిరేట్స్ ఒప్పందాన్ని ఖండించాలని ఫలస్తీనా ప్రతినిధులు కోరినా లీగ్ విదేశాంగ మంత్రుల సమావేశం అంగీకరించలేదు. అందరి చేతిలో ఉన్న తాళంచెవిని కొందరు విడిగా వాడుకుంటే, మిగిలినవారి బేరానికి విలువ తగ్గక తప్పదు.

ఇటీవలి సంవత్సరాలలో

గాజా యుద్ధ సమయంలో 2023 నవంబరు 11న రియాద్‌లో అరబ్బు, ఇస్లామీయ దేశాల సంయుక్త సమావేశం జరిగింది. 2025 మార్చి 4న కైరో సమావేశం, గాజా ప్రజలను వారి నేలపైనే ఉంచి పునర్నిర్మించే 5,300 కోట్ల డాలర్ల ఈజిప్టు ప్రణాళికను ఆమోదించింది. అదే ఏడాది సెప్టెంబరు 12న, సౌదీ అరేబియా, ఫ్రాన్స్ చొరవతో తయారైన ప్రకటనకు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 142 దేశాలు మద్దతు తెలిపాయి. అక్టోబరులో కుదిరిన కాల్పుల విరమణకు మధ్యవర్తులు ఈజిప్టు, ఖతర్, తుర్కియే, అమెరికా. సంఘం మాట ఇచ్చింది, బేరసారాలు మాత్రం విడివిడి దేశాలు నడిపాయి.

సూడాన్ సంగతి ఇంకా బాధాకరం. 2023 ఏప్రిల్‌లో అక్కడి సైన్యానికి, అర్ధసైనిక దళానికి మధ్య పోరు మొదలయింది. మే నెలలో జిద్దాలో పౌరుల రక్షణకు ఇరువురూ సంతకాలు చేశారు. కాని ఆ వెంట కుదిరిన కాల్పుల విరమణలు నిలవలేదు. సంతకాన్ని కాపాడే చేయి లేకపోవడమే అక్కడి లోటు.

మనం గ్రహించవలసినది

ఈ చరిత్ర నుండి తేలేది ఒక్కటే. అరబ్బు దేశాలకు తీర్మానాల కొరత ఎన్నడూ లేదు. తీర్మానాన్ని ఎవరు అమలుచేయాలి, దానిని అతిక్రమిస్తే ఎవరు ఎదురు నిలవాలి అన్న ప్రశ్నకు జవాబున్న చోట యుద్ధం ఆగింది. జవాబు లేని చోట కాగితమే మిగిలింది.

కనుక ఈసారి శిఖరాగ్ర సమావేశం వార్త చదివినప్పుడు "అందరూ ఒక్కటయ్యారా?" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఎవరికి పని అప్పగించారు? తగాదా పడినవారు కూర్చున్నారా? బలహీనుడికి న్యాయం దక్కిందా? ఈ మూడూ అడుగుదాం, మన పిల్లలకూ అడగడం నేర్పుదాం. అన్నదమ్ముల పొలం తగాదాలో పెద్దమనుషులుగా కూర్చునేటప్పుడు కూడా ఇవే మూడు ప్రశ్నలు మనకు దారి చూపుతాయి.

యుద్ధాలలో నలిగిపోతున్న ప్రజలందరికీ న్యాయంతో కూడిన శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.