పంటి మీద పాచి

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళలో పత్తి తీతకు, మిరప కోతకు ఆడవాళ్ళు పెందలాడే పోవాలి. తీరిక లేక కొందరు నోరు పుక్కిలించి ఊరుకుంటారు. పుక్కిలిస్తే పాచి పోతుందా? పోదు. ఎందుకని?

పాచి అంటే సూక్ష్మజీవుల గుంపు. అవి కంటికి కనపడవు. 1683లో హాలెండు దేశంలో లేవెన్‌హుక్ అనే ఆయన తన పంటి పాచిని భూతద్దంలో చూశాడు. అందులో చిన్న చిన్న జీవులు కదులుతున్నాయి!

తోమిన పంటి మీద కాసేపటికే ఉమ్మి పలుచని పొర కడుతుంది. మొదట కొన్ని జీవులు ఆ పొరకు అంటుకుంటాయి. వేరే రకాలు వచ్చి వాటిని పట్టుకుంటాయి. వాటిని ఇంకొన్ని పట్టుకుంటాయి. చేయీ చేయీ పట్టుకుని మున్నేరు దాటేవాళ్ళను నీటి వడి అంత తేలిగ్గా లాగలేదు కదా. ఇవీ అంతే. పుక్కిలించిన నీళ్ళకు కొట్టుకుపోవు.

తీపి తింటే కొన్ని జీవులు దానితో బంక చేస్తాయి. పట్టు ఇంకా గట్టిపడుతుంది. అవి వదిలే పులుపుకు పన్ను పుచ్చుతుంది. పాచి ముదిరితే గార అవుతుంది. చిగుళ్ళు వాస్తాయి. చివరికి పన్ను కదిలి ఊడుతుంది.

"తోమితే నెత్తురొస్తోంది వదినా, మానేశాను."

"మానేస్తే పాచి పెరుగుతుందమ్మా. నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది. మెల్లగా తోము. తగ్గకపోతే పళ్ళ డాక్టరుకు చూపిద్దాం."

ఆ పట్టు విడిపోవాలంటే రుద్దాలి. మెత్తని బ్రష్షుతో, పేస్టుతో పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు తోమాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి వద్దు. అవి పన్నును అరగదీస్తాయి. గార బ్రష్షుకు రాదు. డాక్టరే తీయాలి.

చెప్పండి:
1. పాచి నీళ్ళకు ఎందుకు పోదు?
2. నెత్తురు వస్తే తోమడం మానవచ్చా?