జీపు నీళ్లు ఎటు పోతున్నాయి?

సైన్సు పుస్తకంలో ఇంజను బొమ్మ చూసే ఉంటారు. సిలిండరు, పిస్టను, కవాటాలు బాగానే గీస్తారు. ఆ ఇంజను చుట్టూ తిరిగే నీళ్ల సంగతి మాత్రం నాకు దసరా సెలవుల్లో మా మామ జీపు దగ్గరే తెలిసింది. అది మీకూ చెప్దామని రాస్తున్నాను.

మామది పాత డీజిల్ జీపు. మా ఊరికి బస్సు లేదు. 108 బండి తార్రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి దాకా మనిషిని దించాలంటే ఈ జీపే గతి. నేను వెళ్లేసరికి మామ రోజూ పొద్దున్నే రేడియేటర్లో ఒక చెంబెడు నీళ్లు పోస్తున్నాడు. మూడు వారాలుగా అదే వరస. బండి కింద నేల చూస్తే చుక్క తడి లేదు. "ముసలి బండి కదరా, దాహం ఎక్కువ" అని నవ్వేవాడు.

ఆ వారమే పక్కింటి అక్కకి నొప్పులొచ్చాయి. జీపులో బయలుదేరాం. సగం దారిలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది, బండి ఆగిపోయింది. సంత నుంచి ఒక ఆటో రాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమయ్యేదో! తల్లీ బిడ్డా క్షేమం. మామ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అక్కడ ఇంకో గండం కూడా తప్పింది. కంగారులో నేను రేడియేటరు మూత తియ్యబోతే మామ చెయ్యి పట్టి లాగేశాడు. ఎందుకో తర్వాత మాస్టారిని అడిగాను. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటరు మూతకి స్ప్రింగు ఉండి లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి అదనంగా సగం వాతావరణ పీడనమంత ఉన్నా నీళ్లు 109 డిగ్రీల దాకా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పోతుంది, అంత వేడినీళ్లూ ఒక్కసారిగా మరిగి మొహం మీద కొడతాయి. ఇంజను చల్లారి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేదాకా మూత జోలికి పోకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజనులో కింద బ్లాకు, పైన హెడ్డు అని రెండు పెద్ద ముక్కలు. రెండింటి మధ్యా పల్చటి అట్టలాంటిది ఒకటి వేసి బోల్టులు బిగిస్తారు. దాని పేరు హెడ్ గ్యాస్కెట్. మండే వాయువు, ఆయిలు, నీళ్లు ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది ఆ అట్టే. అది ఒకచోట కాలిందంటే మళ్ల మధ్య గట్టు తెగినట్టే. నీళ్లు బయటికి రావు, లోపలే దారి చేసుకుంటాయి. అందుకే బండి కింద తడి కనపడదు.

షెడ్డు మేస్త్రి బండిని ముట్టుకోకముందు ప్రశ్నలే అడిగాడు. "పొద్దున్న స్టార్టు చేస్తే తెల్ల పొగ వస్తందా? ఎంతసేపు?" చలికాలం పొద్దున్న ఏ బండికైనా కాస్త తెల్లగా వస్తుంది, వేడెక్కాక పోతుంది. మామ జీపుకి పోవడం లేదు. నీళ్లు సిలిండర్లో పడి ఆవిరై వస్తున్నాయన్న మాట. తర్వాత ఆయిలు పుల్ల తీసి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఒక్క ఆయిలు మూత కిందే తెల్ల నురగ ఉంటే అది మంచుకి పట్టిన చెమ్మ కావచ్చు, దాన్ని చూసి ఇంజను విప్పెయ్యకూడదట. పుల్ల మీద కూడా ఉంటేనే భయం. అలాంటి ఆయిలుతో బండి నడిపితే బేరింగులు అరిగిపోతాయి.

మూడో పరీక్ష నాకు బాగా నచ్చింది. చల్లటి ఇంజనుకి ఫ్యాను బెల్టు తీసేశాడు. అప్పుడు నీళ్ల పంపు తిరగదు. రేడియేటరు అంచు దాకా నింపి, మూత పెట్టకుండా ఒక్క నిమిషం స్టార్టు చేశాడు. నీళ్లలోంచి బుడగలు వరసగా పైకి వచ్చాయి. సిలిండర్లోని వాయువు గ్యాస్కెట్ దాటి నీళ్లలోకి వస్తోంది! పెద్ద షెడ్డుల్లో ఆ గాలిని ఒక నీలం ద్రావణంలోంచి పంపుతారు, పొగలోని కార్బన్ డయాక్సైడుకి అది పసుపు వైపు మారుతుంది. మన లిట్మస్ లాంటిదే. బుడగలు రాకుండా ఆయిలు మాత్రం తెల్లబడితే, కొన్ని డీజిల్ ఇంజన్లలో సిలిండరు గొట్టం అడుగున ఉండే రబ్బరు రింగు పాడైందేమో చూడాలి. అప్పుడు పని ఇంకా పెద్దది.

ఒక డ్రైవరన్న రేడియేటర్లో పసుపు పొయ్యమన్నాడు. రేడియేటరు చిన్న చిల్లికి అది కొన్నాళ్లు ఆగుతుంది. గ్యాస్కెట్ దగ్గర ఆగదు, పైగా సన్నగొట్టాలు పూడుకుపోతాయి. మేస్త్రి ఒప్పుకోలేదు. నాకైతే ఆయనే సరి అనిపించింది.

హెడ్డు విప్పేటప్పుడు బోల్టులు చివరల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చేశారు. తీశాక హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద పల్చటి కొలత రేకులు దూర్చి చూశారు. వంపు ఎంతదాకా పర్వాలేదో ప్రతి బండి పుస్తకంలో ఉంటుంది, చాలా వాటికి 0.1 మిల్లీమీటరుకి అటూ ఇటూ. మాది అంతకు మించింది. కాగితం మందమంత వంపుకే ఇంత తిప్పలా అనుకున్నాను. హెడ్డుని లేతుకి పంపి చదును చేయించారు. పగుళ్లు లేవని తేలింది. బోల్టు రంధ్రాల్లో నీళ్లూ ఆయిలూ ఒక్క చుక్క లేకుండా తుడిచారు. ద్రవం నలగదు కాబట్టి బోల్టు బిగిస్తే బ్లాకే పగలొచ్చు. పిస్టను మీద నీళ్లు నిండితే కడ్డీ వంగేదీ ఇందుకే.

కొత్త గ్యాస్కెట్ వేశాక బిగించేది మధ్య బోల్టు నుంచి బయటికి, మూడు విడతలుగా, టార్క్ రెంచితో. మనం ఈ గోడపత్రిక కాగితాలు చార్టు మీద అంటించేటప్పుడు మధ్యలోంచి అంచులకి నొక్కుతాం కదా, లేకపోతే గాలి ఉండిపోయి ఉబ్బుతుంది. అదే పద్ధతి. చివర్లో ఆయిలు, ఫిల్టరు మార్చి, నీళ్లకి బదులు కూలెంట్ కలిపిన నీళ్లు పోశారు. చిన్నపిల్లలకి చెప్పండి: కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. ఒలికితే కడిగెయ్యాలి, కుక్కలు కూడా నాకుతాయి.

మూడు రోజులకి జీపు ఊరికి వచ్చింది. మామ ఇప్పుడు ఒక వెదురుపుల్లకి గాటు పెట్టుకుని రోజూ పొద్దున్న, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, నీళ్లు కొలుస్తున్నాడు.

కాలిన గ్యాస్కెట్ ముక్క నా పెట్టెలో ఉంది. రెండు సిలిండర్ల రంధ్రాల మధ్య నల్లగా ఎక్కడ తెగిందో బాగా కనపడుతుంది. పాత వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని పొడి ఊపిరితిత్తులకి చెడ్డది కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించేశాను. చూడాలనుకునేవాళ్లు ఆదివారం టిఫినయ్యాక మా డార్మెట్రీకి రండి. కవరు మాత్రం విప్పను.

— 10వ తరగతి విద్యార్థి