ముందు చూరు, తర్వాత సున్నం

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను. అప్పటికప్పుడు జవాబు చెప్పే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇల్లు అమ్మాలన్న నీ ఆలోచనను నేను తప్పుపట్టను. నువ్వు హైదరాబాదులో, చెల్లాయి అమెరికాలో. తాళం పడిన పెంకుటిల్లు ఏటికేడు పాడవుతుందే గాని బాగుపడదు. నాకు మింగుడుపడనిది ఆ కాంట్రాక్టరు నీకెక్కించిన ఎలివేషన్ మాట. వీధి గోడకు టైల్స్ అంటించి, అరుగు కొట్టేసి స్టీలు రెయిలింగు పెట్టి, పుట్టీ లాగి రెండు రంగులు వేస్తే ధర పెరుగుతుందన్నాడట. పెరగదు నాయనా. పర్చూరు, ఇంకొల్లు వైపు పాత ఇల్లు కొనడానికి వచ్చేది ఎవరో ఆలోచించు. ఆ ఏడు మిర్చి కలిసొచ్చిన రైతు, లేదంటే ఊరు వదులుకోలేని ఉద్యోగి. ఇద్దరూ నల్లరేగడిలో పుట్టి పెరిగినవాళ్లే. గోడను ఎలా చూడాలో వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.

మన నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాంతోపాటే పునాదీ కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే బీట అలా వచ్చిందే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బుగా ఉండే పైల్ పునాదులను రూపొందించారు. మీ తాతయ్య కట్టిననాటికి మన ఊళ్లో అవెవరికీ తెలియవు, రాతి పునాది మీద గోడ లేపారు. ఆ బీట మీద పుట్టీ రాయిస్తే ఏమవుతుందో చెప్పనా? పాత గోడలో కొత్త పట్టీ మెరుస్తుంది. వచ్చినవాడి చూపు నేరుగా అక్కడికే పోతుంది. ఇంకెన్ని దాచారో అనుకుంటాడు, ఆ అనుమానానికి తగ్గట్టే బేరం దించుతాడు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఒకసారి చదువు. మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడికి కనపడని ముఖ్యమైన లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి ఉంటే, దాన్ని బయటపెట్టడం అమ్మేవాడి బాధ్యత. కాబట్టి బీటను దాచవద్దు. అది పెరగకుండా చూడు. గోడ మొదట్లో నీళ్లు నిలవకూడదు. ఇంటి చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున బయటికి వాలుగా చప్టా వేయించు. స్నానాల గది నీళ్లు గోడ పక్కన ఇంకుతున్నాయి, వాటిని కాలువలో కలిపించు. ఆ తర్వాత మేస్త్రీ చేత బీట శుభ్రం చేయించి సున్నంతోనే పూడ్పించు. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇక పైకప్పు. వీధిలో నిలబడ్డవాడికి రంగు కంటే ముందు కనిపించేది చూరు వరస. అది వంగితే ఇల్లంతా వంగినట్టే ఉంటుంది. జారిన పెంకులు సర్దించి, పగిలినవి మార్పించు. కొత్త పెంకులు కొనకు, రంగు కలవదు. ఊళ్లో పడగొట్టిన ఇళ్ల పెంకులు దొరుకుతాయి, నేను వాకబు చేస్తాను. ఈ పని మాత్రం తుఫాన్లు మొదలయ్యే లోపు అయిపోవాలి.

గోడలు సున్నం గచ్చువి. ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను, వాటి మీద సిమెంటు పూత గాని, ప్లాస్టిక్ రంగు గాని వద్దు. పాత గోడ పీల్చుకున్న తేమ బయటికి పోవాలి. ఆ దారి మూసేస్తే లోపల ఉప్పు పొంగి, ఏడాది తిరక్కుండా పెచ్చులు ఊడతాయి. పిడుగురాళ్ల సున్నం మనకు దగ్గర. నీలిమందు కలిపి రెండు పూతలు వేస్తే చాలు, ఆ తెలుపు ముందు ఏ రంగూ నిలవదు. అరుగు అంచుకు జాజు పట్టీ వేయించు. రోడ్డు వైపు ప్రహరీ మీద పత్తి విత్తనాల కంపెనీ వాళ్ల ప్రకటన, దాని పక్కన రెండు ఎన్నికల నాటి పార్టీ గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని ముందు గీకించాలి. లేకపోతే ఇంటికి అడిగేవాడు లేడన్న సంగతి వీధి అంతటికీ తెలుస్తుంది.

అరుగు కొట్టించవద్దు. సాయంత్రం నలుగురు కూర్చునే చోటది, కొనేవాళ్లకు అదే కావాలి. కదిలిన నాపరాళ్లు సరిచేయించు. మెట్టు విరిగింది కదా, ఒంగోలు దగ్గర చీమకుర్తిలో గ్రానైటు ముక్కలు దొరుకుతాయి. పాలిష్ లేనిది తీసుకో, వానలో కాలు జారదు. సింహద్వారం టేకు. దాని మీద ఎవరో పూసిన పచ్చ ఎనామిల్ గీకించి వార్నిష్ వేయిస్తే ఇంటి ముందు అంతకు మించిన అందం ఉండదు.

పత్తి కట్టె వాము ప్రహరీ లోపలే ఉంది. పాలేరు కుటుంబాన్ని అడిగి తీయించు. పాముల భయం ఒకటి, గులాబీ రంగు పురుగు దాంట్లో దాగుతుందని వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెబుతున్నారు కూడా. అది తీస్తే వాకిలి ఎంత విశాలమో కనిపిస్తుంది. ట్రాక్టరు తిరిగే స్థలం, మిరపకాయ టిక్కీలు దించుకునే చోటు రైతు ఆ వాకిట్లోనే వెతుక్కుంటాడు. అక్కడ గడ్డి పరిచి పూలకుండీలు పెట్టమన్నవాడు మన ఊరు ఎరగడు. వాస్తు పేరుతో గేటూ మార్చకు. కొనేవాడు తన సిద్ధాంతి చెప్పినట్టు మార్చుకుంటాడు, నువ్వు పెట్టింది వృథా.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఉన్న పని ఒకటుంది. ఎదురింటి ఆవిడకు నెలకు కొంత ఇచ్చి రోజూ వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టమను. సాయంత్రం వీధి లైటు వేయమను. తులసికోటలో కొత్త మొక్క నాటించు. దీపం లేని ఇంటిని కొనడానికి మనవాళ్లు జంకుతారు.

సున్నం మార్గశిరంలో వేయిద్దాం. సంక్రాంతికి ఊరంతా వస్తుంది, ఇల్లు అప్పుడు చూస్తారు. పుష్యంలో ఎవరూ బేరం కుదుర్చుకోరు గాని, మాఘం వచ్చేసరికి ముహూర్తాలు ఉంటాయి, పత్తి డబ్బు చేతిలో ఉంటుంది, గుంటూరు యార్డుకు కొత్త మిర్చి పోతుంటుంది. ఈ లోపు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, పంచాయతీ పన్ను బకాయి కట్టెయ్. మీ అమ్మతోనూ, చెల్లాయితోనూ మాట్లాడి సంతకాల సంగతి తేల్చుకో.

ఆ కాంట్రాక్టరుకు అడ్వాన్సు మాత్రం ఇవ్వకు. పెంకుల మేస్త్రీతో నేను ఈ వారమే మాట్లాడతాను, దసరా సెలవుల్లో నువ్వొచ్చి దగ్గరుండి పని చేయించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న