నూలు కనబడని ఫొటో

ఫొటోగ్రఫీ నేర్చుకునే మిత్రులకు నా అనుభవంలోని పాఠమొకటి మనవి చేస్తాను.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మనందరికీ తెలుసు. దాని వెనక ఆడవాళ్ల పనో? వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు కిలో పరిస్తే విశాఖపట్నం చేరుతుంది!

వడికే మామ్మను ఎదురుగా ఫ్లాష్ వేసి తీశాను. ఫొటో చూసి, "నానున్నాను గానీ నా నూలేది బాబూ?" అంది.

సిగ్గేసింది. మర్నాడు ఫ్లాష్ మానేసి, ఆమె వెనక నల్ల దుప్పటి కట్టి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకున్నాను. కదురు నుంచి వేళ్లదాకా నూలు వెండితీగలా మెరిసింది.

శ్రమజీవిని ఫొటో తీశామంటే చాలదు. ఆమె పని అందులో కనబడాలి.